పై చెరువు తెల్లగా కనబడిన రోజు

మా అక్క మనవరాలు కీర్తన బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే చాలు, వీపున సంచి తగిలించుకొని కొండలెక్కడానికి పోతుంది. ఈ మధ్య పుబ్బ కార్తెలో, వాన వచ్చేటట్టూ రానట్టూ ఉన్న ఒక శనివారం, ఆమె హిందూపురంలోని మా ఇంటికి వచ్చి, సంచిలోంచి రెండు వింత వస్తువులు తీసి నా బల్ల మీద పెట్టింది. చూడడానికి జల్లెడల మాదిరి ఉన్నాయి. అడుగున ఇనుప పళ్ళు, పైన బిగించుకొనే పట్టీలు. పోయిన చలికాలం హిమాచల్‌లో మంచుకొండ ఎక్కినప్పుడు కాళ్ళకు కట్టుకొన్నవట. వెడల్పుగా ఉంటాయి కనుక మనిషి బరువు ఒక్కచోటే పడక, కాలు మంచులో దిగబడదట. అందులోని సూత్రం నాకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా విశ్రాంతి పొందినవాణ్ణి. అయితే కాళ్ళకు కట్టుకొనేది ఏదైనా నా దృష్టిలో చెప్పే. "చెప్పులు బల్ల మీద పెట్టకూడదమ్మా" అన్నాను. "ఇవి చెప్పులు కాదు తాతా, చెప్పుల కింద కట్టుకొనేవి" అని నవ్వి, తీసి గడప పక్కన పెట్టింది.

భోజనం చేస్తూ ఆ ప్రయాణం గురించి చెప్పింది. "అంతా తెలుపే తాతా. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. ముందర మైదానం ఉండాదని మేము పోతానే ఉన్నాము. గైడు ఈల వేసి ఆపేసినాడు. అది మైదానం కాదంట, గడ్డకట్టిన చెరువంట. ఇంకో పదడుగులు వేసింటే పైపెంకు పగిలి లోపలికి పోయేటోళ్ళం." కళ్ళు పెట్టుకొని చూడలేదా అని అడిగాను. నా గొంతు తరగతి గదిలో పలికినట్టు పలికింది. "చూసినాము తాతా. చూస్తే మైదానం మాదిరే ఉండె. అంత తెల్లగా ఉంటే ఏది ఏదో తెలీదు" అంది. మజ్జిగ పోసుకోబోతున్న నా చేయి గిన్నె మీదే నిలిచిపోయింది. ఏమైంది తాతా అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. రేపు పెనుకొండ కొండ ఎక్కుదామా అని నేను అన్నాను. అనాలనుకొని అన్న మాట కాదది. వంటింట్లోంచి నా భార్య, "మోకాళ్ళకు మాత్ర మింగనిదే పూజగదికి పోలేని మనిషి కొండెక్కుతాడంట! దించేదానికి నలుగురు మనుషుల్ని కూడా మాట్లాడుకొని పో పాపా" అంది.

ఏ సంగతినైనా మొదటినుంచి చివరివరకు వరుసలో చెప్పడం నా అలవాటు. ఈ ఒక్క సంగతిలో ఆ వరుస నాకు ఎన్నడూ కుదరలేదు. అయినా ప్రయత్నిస్తాను. సాయంత్రం పెనుకొండ కొండ నీడ ఎటు సాగుతుందో ఆ దిక్కున ఉండేది మా ఊరు. మాకు చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసే మెట్టచేను కొంత, చెరువు కింద వరి పండే మడి కొంత ఉండేవి. మా చెరువు మా ఊరి వానతో నిండేది కాదు. దానికి ఎగువన, రెండు గుట్టల అవతల, ఇంకొక ఊరి చెరువు ఉండేది. మేము దానిని పై చెరువు అనేవాళ్ళం. అది నిండి, మిగులు నీళ్ళు రాతికట్టు దాటి బయటికి పారితే, ఆ పారడాన్నే మరవ పారడం అంటారు, మూడు నాలుగు రోజులకు ఆ నీళ్ళు వంక వెంబడి మా చెరువుకు చేరేవి. కాబట్టి వరినారు పోయాలా వద్దా అన్నది పై చెరువులో నీళ్ళున్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడేది. ఆ ఊరివాళ్ళను అడిగి ప్రయోజనం లేదు. "నీళ్ళుండాయేమప్పా?" అంటే, కట్ట మీద కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకొని కూర్చున్నవాడు కూడా "యాడివప్పా నీళ్ళు!" అనేవాడు. పోయి చూద్దామంటే, మా తాతల కాలంలో మరవ దగ్గర జరిగిన ఒక కొట్లాట తర్వాత మా ఊరివాళ్ళెవరూ ఆ కట్ట మీద అడుగు పెట్టకూడదన్న కట్టుబాటు ఒకటి ఉండేది. ఇక మిగిలింది కొండ. కొండమీదికి ఎక్కితే గుట్టల అవతల పై చెరువు అరచేతిలో అద్దం మాదిరి కనబడేది.

అందులోనూ ఒక నియమం ఉండేది. నారు పోసే ఇంటి యజమాని తానే కొండెక్కి తన కళ్ళతో చూసుకోవాలి. ఒకరు చూసి వచ్చి చెప్పిన మాట మీద ఇంకొకరు విత్తనం నేలలో పోయకూడదు. ఒకరి చూపుతో ఇంకొకరు విత్తితే పైరు కంటికి ఆనదని మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, చెప్పేది. నియమానికి మూలం నాకు తెలియదు. బహుశా పంట పోయినప్పుడు ఇంకొకడిని తిట్టడానికి వీలులేకుండా పెద్దవాళ్ళు ఏర్పాటు చేసుకొన్నదై ఉంటుంది. పిల్లలను వెంట తీసుకుపోవచ్చు. దారి తెలియడానికి, కొండ అలవాటు కావడానికి. మా నాయన అట్లాగే ఒక ఏడు మా సరోజక్కను తీసుకుపోయాడు. ఆ మరుసటి ఏడు నన్ను తీసుకుపోయాడు. అక్క పెద్దపిల్ల అయింది కనుక ఇక కొండలెక్కడం బాగుండదని ఆమెను మానిపించి ఉంటాడని నేను అనుకొన్నాను. ఎవరైనా నాకు అట్లా చెప్పారో, నేనే అల్లుకొన్నానో ఇప్పుడు చెప్పలేను.

ఆ ఉదయం మాత్రం నాకు బాగా జ్ఞాపకం. మసకచీకటి ఉండగానే అమ్మ నన్ను లేపింది. కళ్ళు తెరవకముందే వాసనలు వచ్చాయి. అవ్వ అరచేతుల్లోని ఆముదం వాసన. రాగిసంగటి ముద్ద కట్టిన మోదుగాకుల వాసన. నడవాలో గోలెం దగ్గర నానిన వడ్ల వాసన, కొంచెం పుల్లగా, కొంచెం తీయగా, తడిసిన గడ్డిలో నిద్రపోయినట్టు ఉండే వాసన. వరినారు పోసే ముందు వడ్లు ఒక పగలూ రాత్రీ నానబెట్టి, తర్వాత గోనెలో మూటగట్టి, పైన బరువు పెట్టి రెండు రాత్రులు ఉంచితే తెల్లటి మొలక వస్తుంది. ఒక రోజు ముందూ వెనకా అయినా నష్టం లేదు. అవ్వ నన్ను గోలెం పక్కనే పీట మీద కూర్చోబెట్టి, అరికాళ్ళకు ఆముదం రుద్ది, చింపిన గోనెసంచి పీలికలు మడమనుంచి వేళ్ళదాకా చుట్టి పురికొసతో కట్టింది. కొండ నరసింహస్వామిది. మొదటి వాకిలి దాటితే చెప్పులు వేసుకోకూడదు. వానకాలంలో ఆ బండలు నాచు పట్టి జారుతాయి. చెప్పు దోషం, గోనె దోషం కాదు. "గట్టిగా అడుగెయ్యి, గోనె బండను పట్టుకుంటాది" అని అవ్వ నా పాదం మీద చిన్న దెబ్బ వేసింది. నాయనకు మాత్రం అమ్మ కట్టింది. ఆయన వంగి పురికొస ముడి వేసుకోలేకపోయాడు. రెండుసార్లు కొస దారి తప్పింది. నేను దానిని గమనించాను గాని దాని అర్థం నాకు తెలియలేదు.

నాయన మాటలు తక్కువ మనిషి. పలుపుతాళ్ళను పొడుగు వారీగా కొయ్యలకు తగిలించేవాడు. కొడవళ్ళ పిడులన్నీ ఒకే దిక్కుకు ఉండాలి. నాకున్న క్రమశిక్షణ ఆయన పెట్టిందే. కొండెక్కుతున్నంతసేపు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కూలిన కోటగోడలు, వాకిళ్ళు, తడి రాళ్ళ మీద పాకే ఎర్రటి జెర్రులు. ముందు నేను, వెనుక నా భుజం మీద చేయి వేసి ఆయన. బిడ్డ జారతాడని పట్టుకొన్నాడనుకొన్నాను. పైన విరిగిన బురుజు దగ్గర నిలబెట్టి, నా గడ్డం పట్టుకొని ఉత్తరం వైపు తిప్పి, "పై చెరువు చూడు. నీళ్ళు ఉండాయా, లేవా?" అన్నాడు.

నేను చూశాను. రెండు గుట్టల అవతల తెల్లగా ఉంది. కొండ కింద అంతా మబ్బు దిగి ఉంది. ఆ మబ్బు ఎక్కడ ముగిసిందో, చెరువు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ తెలుపు నీళ్ళు కావచ్చు, మబ్బు కావచ్చు, ఎండి సున్నంలా పగిలిన చెరువు అడుగు కావచ్చు. "తెల్లగా ఉండాది నాయనా" అన్నాను. "తెల్లగా అంటే?" అని అడిగాడు. భుజం మీద వేళ్ళు బిగిశాయి. ఆయన ముఖం వైపు చూశాను. కోపం లేదు. మా బడిలో జవాబు మరచిపోయిన పిల్లవాడు పక్కవాడివైపు ఎట్లా చూస్తాడో అట్లా చూస్తున్నాడు. పెద్దవాళ్ళ ముఖంలో అటువంటి చూపును నేను అంతకుముందు ఎరుగను. "నీళ్ళే నాయనా. నిండుగా ఉండాయి" అన్నాను. తెల్లగా అన్నది నేను చూసింది. నిండుగా అన్నది నేను కలిపింది. నాయన చేయి తీసేసి, గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకొని, "పద" అన్నాడు. దిగేటప్పుడు ఆయన నాకంటే వేగంగా నడిచాడు. రెండుచోట్ల జారాడు.

నారు పచ్చగా వచ్చింది. చూసినవాళ్ళు దిష్టి తగులుతుందన్నారు. మా చెరువుకు మాత్రం నీళ్ళు రాలేదు. వంకలో ఇసుక తడవలేదు. నారు మొదట కొసల్లో పసుపు పచ్చబడి, తర్వాత మొదలంటా ఎండిపోయింది. నాయన ఒక ఉదయం ఎద్దులను తీసుకుపోయి తానే మడిలో వదిలి మేపేశాడు. విత్తనపు వడ్లు పోయాయి. ఆ వేసవిలో ఎద్దులు కూడా హిందూపురం సంతకు పోయాయి. ఎనిమిదో తరగతిలో ఉన్న అక్క బడి మానింది, కూలికి పోయే అమ్మ వెంట ఒక మనిషి కావాలని. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని నన్ను హిందూపురంలో మా మేనమామ ఇంటికి పంపారు. అక్కడ నాకు పెద్ద బడి దొరికింది. నేను చదివాను. నాయన కళ్ళలో పొరలు కమ్మాయని ఇంట్లో అందరికీ తెలిసేసరికి నేను కాలేజీలో ఉన్నాను. ఆ రోజు తాను చూడలేక నా చేత చూపించుకొన్నాడని, నియమం తప్పి పరాయి చూపుతో విత్తాడని అప్పుడుగాని నాకు అర్థం కాలేదు. ఆ పరాయి చూపు నాది.

అక్క ఇప్పుడు ధర్మవరంలో కొడుకు ఇంట్లో ఉంటుంది. పోయినప్పుడల్లా నేను చూడలేని దృశ్యం ఒకటి ఉంది. అంగట్లో చెనిక్కాయలు పొట్లం కట్టిన కాగితాన్ని ఆమె విప్పి, మోకాలి మీద మడతలు సవరించి, అక్షరాల కింద వేలు పెట్టుకొని, చివరి ముక్క దాకా చదివిగాని పారేయదు. అక్క చదువు నా నోటిమాటతో పోయిందని నేను ఎవరికీ చెప్పలేదు. చూసింది చూసినట్టు రాయండి, లేనిది కలపకండి అని ముప్పై ఏళ్ళు పిల్లల పరిశీలన పుస్తకాల మీద ఎర్రసిరాతో రాసిన మనిషిని.

ఆదివారం తెల్లవారుజామున కీర్తన కారులో పెనుకొండ చేరాము. గోనెపీలికల కోసం ముందురోజు ఇల్లంతా వెతికాను. ఇప్పుడు బియ్యం ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. చివరికి ఎవరిదో పెళ్ళిలో తాంబూలంతో ఇచ్చిన జనపనార సంచి దొరికితే, దానిని కత్తిరించాను. మొదటి వాకిలి దగ్గర బూట్లు విప్పి కట్టుకొంటుంటే, వధువు పేరు ఒక పాదం కిందికి, వరుని పేరు ఇంకొక పాదం కిందికి పోయాయి. కీర్తన ఫోటో తీసి, "నా జల్లెడలు తెచ్చింటే అవే కట్టుకొనేటోనివి కదా తాతా!" అంది. కొండమీదికి ఇప్పుడు బండ్లు పోయే దారి ఉంది. మేము పాత మెట్లదారిన ఎక్కాము. నేను పదేసి మెట్లకు ఒకసారి నిలిచాను. ఆమె నాకు తెలియకుండా భుజాన సంచి పట్టీ సవరించుకొనే నెపంతో నిలిచేది. పీలికలు బండను పట్టుకొన్నాయి. అవ్వ మాటల్లో అదొక్కటి మాత్రం సరిగ్గా నిలబడింది.

తక్కినదంతా కలగాపులగమయింది. నా జ్ఞాపకంలో విరిగిన బురుజు ఎడమవైపు ఉంది. అక్కడ చూస్తే కుడివైపు ఒకటి, ఎదురుగా ఒకటి, ఇంకాస్త దూరాన ఇంకొకటి ఉన్నాయి. అన్నీ విరిగినవే. నాయన నన్ను ఏ బురుజు దగ్గర నిలబెట్టాడు? మొదటిదానినుంచి చూస్తే ఒక గుట్ట అడ్డం వచ్చింది. రెండవదానినుంచి చూస్తే గుట్టలు మూడు కనబడ్డాయి. నా గుట్టలు రెండే. నేను బురుజుకూ బురుజుకూ తిరుగుతుంటే కీర్తన భయపడి, "తాతా, కూర్చో. నీళ్ళు తాగు" అంది. మూడవ బురుజు దగ్గర, ఉత్తరం వైపు, మబ్బు చీలిన చోట, దూరంగా తెల్లగా కనబడింది. నాకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. అయినా ఆ దూరం నాకు అందలేదు. "అమ్మా, చూడు. అవి నీళ్ళేనా?" అని అడిగాను. అడుగుతూ ఆమె భుజం పట్టుకొన్నానని తర్వాతగాని గమనించలేదు.

ఆమె ఫోనులో పెద్దది చేసి చూసింది. "ఫ్యాక్టరీ షెడ్ల కప్పులేమో తాతా. ఈ పక్కంతా షెడ్లే కదా ఇప్పుడు… ఉండు… కప్పులైతే గీతలుండల్ల. మబ్బేమో. నీళ్ళు కూడా కావచ్చు." ఏదో ఒకటి చెప్పమ్మా అన్నాను. "ఏమని చెప్పల్ల తాతా? కనపడట్లేదు" అని, ఆ తెలుపునంతా ఒక చివరనుంచి ఇంకొక చివరిదాకా వీడియో తీసి, ఫోను జేబులో వేసుకొంది. ఎంత తేలికగా అంది ఆ మాట! నా తరగతిలో తెలియదు అన్న పిల్లవాణ్ణి నేను బెంచీ ఎక్కించేవాణ్ణి. తప్పు జవాబైనా సరే, జవాబు చెప్పినవాడిని కూర్చోబెట్టేవాణ్ణి.

దిగి, బూట్లు వేసుకొని, చెన్నేకొత్తపల్లి మీదుగా నేరుగా ధర్మవరం పోయాము. ఇక ఆలస్యం చేస్తే చెప్పలేనని నాకు భయం వేసింది. అక్కకు ఎనభై దగ్గరపడింది. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా అక్క తలెత్తి, దారం తెగిందని చెప్పి, మళ్ళీ రోట్లో చెనిక్కాయలు నూరేది. మిక్సీ ఉన్నా ఊరిమిండి పచ్చడి మాత్రం రోట్లోనే. నా పాదాలకు ఇంకా అంటుకొని ఉన్న జనపనార పీచు చూసి, "ఏం రా సూరీ, కొండకు పోయింటివా? ఈ వయసులో ఏం పొయ్యేకాలం రా నీకు!" అంది. నేను నిలబడే చెప్పాను, వరుసగా, ఒక్క ముక్క వదలకుండా. మబ్బు, నాయన వేళ్ళు, తెల్లగా అన్న మాట, నిండుగా అన్న మాట. నీ చదువు నావల్ల పోయిందక్కా అన్నాను. కీర్తన తలవంచుకొని గచ్చు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

అక్క పొత్రం ఆపి నా వైపు చూసింది. "ఇదా? ఇన్నాళ్ళూ వచ్చినప్పుడల్లా మొకం అట్ల పెట్టుకొని కూర్చుంటాంటివి, ఏం జబ్బో అనుకొంటి. సరే గాని, ఆ పొద్దు వడ్లు ఎప్పుడు నానేసినారో తెలుసునా నీకు?"

"కొండ దిగి వచ్చినాక" అన్నాను. ఎప్పుడూ అదే వరుస. ముందు చూడడం, తర్వాత నానబెట్టడం.

"దిగినాక యాడ రా! ముందునాడు పొద్దున్నే నానేసినారు. గోలెంలో నీళ్ళు పోసింది నేనే కదరా. మూడు కడవలు మోసినా. అవ్వ వద్దనె. కొండెక్కకుండా విత్తనం తడపొద్దురా అనె. నాయన ఇనలేదు."

నేను గోడ పక్కన గచ్చు మీద కూర్చున్నాను. గోలెం పక్కన పీట, నానిన వడ్ల వాసన. ఆ వాసనను అరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. పండుగలకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, దాదాపు ఈ మాటల్లోనే. కొండెక్కకముందు ఆ వాసన ఇంట్లో ఎట్లా వచ్చిందని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. ప్రయోగం చేయకముందే ఫలితం రాసుకొచ్చిన పిల్లల పుస్తకాలను వాసన పట్టినట్టు పట్టేవాణ్ణి నేను.

"అయితే నన్నెందుకు అడిగినాడక్కా?"

"నన్ను అడిగితే లేవంటానని" అంది అక్క. పొత్రం మళ్ళీ కదిలింది. "ముందటేడు నేను పోయింటి కదా. చెరువు ఎండిపోయి పలుకులు పలుకులుగా ఉండె. ఎండ బాగుండె, ఆ పొద్దు మబ్బు గిబ్బు ఏమీ లేదు. నీళ్ళు లేవు నాయనా అంటి. సరేనని ఆ ఏడు నాయన నారు పోయలేదు. నాలుగోనాటికి పట్టుకున్న్యాది వాన! తెగించి నారు పోసిన ఊరంతా వరి కోసుకునిరి. మనకు అదను దాటిపోయె, మన మడి ఒకటే బీడు. ఆ ఏడంతా నాయన నాతో సరిగ్గా మాట్లాడలేదు రా. నేను చూసింది చెప్తి. అది తప్పా?"

నిజం చెప్పిన ఏడు మడి బీడుపడింది. లేనిది కలిపి చెప్పిన ఏడు నారు ఎండింది. నా మాట కోసం ఆయన ఎదురుచూడలేదు, వడ్లు అప్పటికే నానుతున్నాయి. మరి ఎదురుచూడనివాడు నా భుజాన్ని అంత గట్టిగా ఎందుకు పట్టుకొన్నాడు? నేను లేవు అని ఉంటే ఏం చేసేవాడు? నానిన వడ్లను ఎద్దులకు పెట్టేవాడా, నా మాట పక్కన పెట్టి నారు పోసేవాడా? ఎంత వరుసలో పెట్టినా ఇవి వరుసలో నిలబడలేదు.

"నీ చదువు?" అన్నాను.

"అదే చెప్తాండా. నువ్వేమో నీవల్ల అనుకొంటివి. నేనేమో, లేవు అంటి కదా, ఆ నోటికి నాయన వేసిన శిక్ష అనుకొంటి. ఇంత నోరున్న పిల్లకు చదువెందుకని మానిపించినాడని. ఎన్ని రోజులు ఏడిస్తినో నీకేం తెలుసు, నువ్వు హిందూపురంలో ఉంటివి." ఆమె వేలితో రోటి అంచు తుడిచి నోట్లో పెట్టుకొని ఉప్పు చూసుకొంది. "అవునో కాదో నాకూ తెలీదు. అడగల్లంటే నాయన లేడు. నువ్వు మాత్రం చిన్నప్పటినుంచీ అంతేలే. ఎదురుగా ఉండేటోడు ఏం ఇనాలనుకొంటే అది చెప్పేటోనివి. అందుకే హెడ్మాస్టర్‌వయితివి!"

కీర్తన పకాలున నవ్వి, నా ముఖం చూసి నోరు మూసుకొంది. ఇంకొక సందర్భంలో అయితే నేను ఆ మాటకు లేచి వెళ్ళిపోయేవాణ్ణి. కూర్చున్నాను. కొండమీద నాయన నా వైపు చూసిన చూపు నేను తప్పు చదివానో, సరిగ్గా చదివానో. సరిగ్గా చదవగలవాడినని తెలిసే ఆయన ఆ ఏడు అక్కను వదిలి నన్ను తీసుకుపోయాడేమో. అది నమ్మకమా, వాడుకోవడమా? ఇంతకాలం నేను మోసింది నాది కాని నేరం. దించుకొందామంటే దాని అడుగున ఇంకొకటి ఉంది. దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు.

"నానమ్మా, కొండ మీద తీసినా, చూస్తావా?" అని కీర్తన ఫోను అందించింది. అక్క చేతులు కొంగుకు తుడుచుకొని, కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోనును దూరంగా పట్టుకొని చూసింది. పెనుకొండ మీదినుంచి ఉత్తరం వైపు, ఒక చివరనుంచి ఇంకొక చివరిదాకా తెలుపు. మగ్గం ఆగింది. ఈసారి దారం తెగిందని అక్క అనలేదు. వీడియో అయిపోతే మళ్ళీ మొదటినుంచి పెట్టించుకొంది. చిన్నప్పుడు తాను నిలబడిన చోటు కోసం వెతుకుతోందని నాకు అర్థమయింది. తర్వాత ఫోనును నా ముందుకు చాచి, వేలు పెట్టి చూపించింది.

"ఇదేనా రా పై చెరువు? నీళ్ళు ఉండాయా, లేవా?"

అదే ప్రశ్న. అడిగిన ముఖంలోకి చూశాను. ఉండాయి అంటే సంతోషిస్తుందేమో. లేవు అంటే తన మాట నిలబడిందని సంతోషిస్తుందేమో. ఏం వినాలనుకొంటుందో ఆ ముఖంలో నాకు కనబడలేదు. తెరమీదికి వంగి చాలాసేపు చూశాను.

"మబ్బు దిగిందక్కా" అన్నాను. "నాకు కనపడలేదు."

అక్క తల ఊపింది. ఫోను కీర్తన చేతికిచ్చి, రోట్లోని ఊరిమిండిని వేళ్ళతో తీసి గిన్నెలోకి ఎత్తింది.

"కనపడకపోతే ఏముంది రా" అంది. "రేపు మల్లా ఎక్కి చూసేది."